దొర పనిచేసిన ఫ్యాక్టరీ

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు సూరత్‌లోని మా తెలుగు గ్రంథాలయంలో హాజరైనవారు, ముందు నుండి వెనుకకు వరుసగా, వీరు: అధ్యక్ష స్థానంలో నేను, నా కుడివైపున టీచర్ ప్రమీల గారు, ఎదుటి బెంచీ మీద ఆరో తరగతి కరుణ, ఆమె పక్కన తోటి విద్యార్థి క్రాంతి, చివర, గోడకు ఆనుకొని కరుణ తండ్రి లస్మయ్య. ఆయన ఖటోదరాలోని మిల్లులో మగ్గాలు నడుపుతాడు. కుర్చీ చూపినా కూర్చోలేదు.

పిల్లలు ఒక్కొక్కరు ఒక ప్రసిద్ధ ఆంగ్లేయుని జీవితం చదివి వచ్చి చెప్పాలి. కరుణ చేతిలో స్టేషన్ దగ్గర కొన్న ముప్పై పేజీల ఇంగ్లిష్ పుస్తకం ఉన్నది. నాలుగు వందల ఏళ్ల నాటి ఒక వర్తకుని కథ.

"ఆయన మన సూరత్‌లనే ఫ్యాక్టరీల పనిచేసిండు," అన్నది కరుణ. "మా నాయిన లెక్కనే మగ్గాలు నడిపిండు."

లస్మయ్య ముఖం వెలిగింది. ఆ సంగతి ఇంట్లో ముందే విని, మిల్లులో అందరికీ చెప్పుకొన్నాడట.

"టోపీ పెట్టుకొని నడిపాడా, తీసేసి నడిపాడా?" అని క్రాంతి నవ్వాడు.

నేను నవ్వలేదు గాని, కటువుగానే చెప్పాను. ఆ కాలంలో ఇంగ్లిష్ వర్తకులు తమ కోఠీని ఫ్యాక్టరీ అనేవారు. అది సరుకు కొని నిలవచేసే చోటు. మగ్గాలుండే చోటు కాదు. పుస్తకంలో ఫ్యాక్టరీ అన్న మాటే ఉన్నది. మగ్గాలు కరుణ కలిపినవి. తప్పు దిద్దుకొని కూర్చోమన్నాను.

కరుణ కూర్చోలేదు.

"మీరు చెప్పింది ఏ బుక్కుల ఉంది తాతా?"

ప్రమీల గారు వారించబోయారు. కరుణ, తండ్రి వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"బుక్కు సూపెట్టుర్రి. అప్పటిదాంక నేను ఒప్పుకోను."

నా మాటకు ఆధారం అడిగినవారు అంతవరకు లేరు. తీరా బీరువా తెరిస్తే, చూపడానికి పుస్తకమూ లేదు.

నగరంలోని పాత గ్రంథాలయానికి మూడుసార్లు వెళ్లి రెండు పుస్తకాలు సంపాదించి కరుణకిచ్చాను. ఒకటి ఆధారాలతో రాసిన జీవిత చరిత్ర. రెండవది ఆ వర్తకుడు స్వయంగా రాసిన ఉత్తరాలు. అతని గురించి ఇతరులు రాసినది ముందు చదువు, తరువాత అతను రాసినది చదువు, రెండూ కలవని చోట ఆగు, అన్నాను. కరుణ థాంక్స్ చెప్పలేదు. పుస్తకాలు సంచిలో వేసుకొని వెళ్లింది.

మూడు వారాలు డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివిందట. ఏం తేలిందని తండ్రి అడిగితే, ఇంకా అయిపోలేదని మాట దాటేసిందట.

పుస్తకాలిచ్చిన తరువాత నాలుగో ఆదివారం అందరం అదే వరుసలో ఉన్నాము. లస్మయ్య మాత్రం కూతురి మాట వినిపించడానికి మిల్లు నుండి నర్సింగాన్ని, దశరథాన్ని వెంట తెచ్చాడు.

కరుణ వారిని చూసింది. చేతిలోని పుస్తకాన్ని గట్టిగా పట్టుకొన్నది.

"నాయినా, నేను తప్పు చెప్పిన. ఆయన మగ్గం నడపలే. ఫ్యాక్టరీ అంటే గోడౌన్. బట్ట కొని ఓడలకెక్కిచ్చిండు, గంతే. నూట పన్నెండో పేజీల ఆయనే రాసిండు."

క్రాంతి కూడా నవ్వలేదు. లస్మయ్య నేలచూపులు చూశాడు.

"ఇంకోటి," అన్నది కరుణ. "ఉత్తరాలల్ల ఓడల పేర్లున్నయ్. ఆయన కుక్క పేరు గూడ ఉంది. బట్ట నేసినోళ్ల పేరు ఒక్కటి లేదు. మొత్తం ఎతికిన."

లస్మయ్య నెమ్మదిగా తల ఎత్తాడు. "నేసినోళ్లు మనసొంటోళ్లే గదా బిడ్డా."

కరుణ ముందున్న కుర్చీని తండ్రి కోసం లాగింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆమె కొత్త నోట్‌బుక్ తెరిచి, పైన తండ్రి పేరు రాసింది.

"నువ్వే చెప్పు నాయినా. నేనేం కలప."

నాటి రిజిస్టరులో నేను రాసినది ఇది: కుమారి కరుణ తన పొరపాటును తండ్రి సమక్షంలో, పేజీ సంఖ్యతో సహా, స్వయంగా సరిదిద్దినది. అంతకు ముందు అధ్యక్షుని మాటకు ఆధారం కోరినది. ఈ రెండు పనులకూ గ్రంథాలయం ఆమెకు కృతజ్ఞతలు తెలుపుకొంటున్నది.