కారులో మరిచిపోయిన దీపం

కారులో చిన్న దీపం ఆర్పడం మరిచిపోతే తెల్లవారేసరికి బ్యాటరీ చచ్చిపోతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఒక్కొక్కసారి అది నిజమవుతుంది కూడా. అప్పుడప్పుడు నిజమయ్యే నమ్మకాన్ని ఎవరూ తరచి చూడరు; అబద్ధం తలదాచుకోవడానికి అంతకన్నా వసతైన చోటు లేదు.

ఆ ఉదయం డిటెక్టివ్ గది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను మా అమ్మని చంపానో లేదో తేల్చి చెప్పండి," అంది.

గుమాస్తా కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. కోర్టులో టైపిస్టుగా రిటైరై, వయసులో తనకన్నా చిన్నదైన ఈ డిటెక్టివ్ దగ్గర ఇష్టపడి కుదిరిన మనిషి అతను. ఎందరి నేరాంగీకారాలో టైపు కొట్టాడు గానీ, ఇలాంటి ప్రశ్న ఎన్నడూ వినలేదు.

"మొదట్నించీ చెప్పమ్మా," అంది డిటెక్టివ్.

"ముందు రోజు రాత్రి కారులో పుస్తకం వెతుక్కున్నాను. పైలైటు ఆర్పలేదు. తెల్లవారుజామున అమ్మకి ఊపిరి ఆడలేదు. నాన్న కారు తాళం తిప్పారు. టక్కుమంది, అంతే. ఎన్నిసార్లు తిప్పినా అంతే."

"అప్పుడేం చేశారు?"

"హారన్ కొడుతూనే ఉన్నారు. వీధి వీధంతా లేచొచ్చింది. పక్కింటాయన తన కారు తెచ్చి, రెండు బ్యాటరీలకీ వైర్లు తగిలించారు. అయినా కదల్లేదు. అంబులెన్స్ వచ్చేసరికి..."

ఆమె అక్కడితో ఆగిపోయింది. మిగతాది అడిగి రాబట్టవలసి వచ్చింది. కారును తీసుకెళ్లిన డీలర్ వర్క్‌షాపు మేస్త్రీ, లైటు వెలిగి వెలిగి బ్యాటరీ దిగిపోయిందని తేల్చాడు. ఆనాటి నుంచి తండ్రి ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఈ ఆదివారం ఆమెను పిన్ని ఇంటికి పంపేస్తున్నాడు. ఇక అక్కడే ఉండాలట.

"కొత్త బ్యాటరీ వేశారా?"

"లేదండీ. పాతదానికే చార్జింగ్ పెట్టి ఇచ్చారు. డబ్బులు కూడా వద్దన్నారు."

ఆమె వెళ్లాక గుమాస్తా నిట్టూర్చాడు. "పాపం, పిల్ల పొరపాటే కదండీ. మా తోడల్లుడి కారు కూడా ఓసారి ఇలాగే..."

"మీ తోడల్లుడు హారన్ కొడితే వీధంతా లేచిందా?"

గుమాస్తా ఖాళీ కప్పులు ఏరడం మొదలుపెట్టాడు.

"పోనీ, చచ్చిన బ్యాటరీని చూసి కొత్తది అంటగట్టని డీలర్ని ఎక్కడైనా చూశారా?"

"పిల్లి పాలకుండని చూసి మొహం తిప్పుకున్నట్టుందండీ."

మధ్యాహ్నం ఇద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. ఇనుప గేటు నిగనిగలాడే ఆకుపచ్చ రంగులో ఉంది. కిటికీ ఊచలు, కుళాయి గొట్టం, చివరికి వరండాలోని ఇనుప స్టూలు కాళ్లు కూడా అదే రంగు. పోర్టికోలో తెల్ల కారు నిలిచి ఉంది.

"కొత్తగా రంగులేశారే," అంది డిటెక్టివ్.

"అమ్మాయి వాళ్లమ్మ పోయే ముందు రోజు వేశాను," అన్నాడు తండ్రి. " తుప్పంటే నాకు గిట్టదు. పనివాళ్లని నమ్మను, అన్నీ స్వహస్తాలతోనే." గొంతులో ఒకప్పటి గర్వం తాలూకు జాడ వినిపించి, అంతలోనే మాయమైంది. "మళ్లీ బ్రష్ ముట్టుకోలేదు."

"కారు పనులు కూడా మీరేనా?"

"చిన్నాచితకా నేనే. డీలర్ దగ్గరికి పంపితే ఉన్న రోగానికి లేని రోగం తోడవుతుంది." కూతురు పక్కనే నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూడకుండా, "మంచినీళ్లు కావాలేమో. లోపల ఎవరైనా ఉంటే తెస్తారు," అన్నాడు.

అమ్మాయి వెళ్లి తెచ్చింది. గుమాస్తా గ్లాసు అందుకుని, "చల్లగా ఉండమ్మా," అన్నాడు.

డిటెక్టివ్ కారు బానెట్ ఎత్తి టార్చి వేసి చాలాసేపు చూసింది. "ఇక్కడేం కనిపిస్తోంది?" అని గుమాస్తాను పిలిచింది. ఇంజన్ నుంచి వచ్చిన లావుపాటి తీగ ఒకటి కారు బాడీకి బోల్టుతో బిగించి ఉంది. అక్కడ అరచేతి మేర ఆకుపచ్చ రంగు. బోల్టు చుట్టూ మాత్రం ఎవరో గీకేసినట్టు లోహం మెరుస్తోంది. గుమాస్తా కళ్లు చూశాయి గానీ బుర్రకు ఏమీ అందలేదు.

డిటెక్టివ్ కారులో పైలైటు వేసి, తలుపులు మూసి, తండ్రిని అడిగి తాళాలు తన దగ్గరే ఉంచుకుంది.

మర్నాడు ఉదయం మేస్త్రీని ఆ ఇంటికే రమ్మని కబురుపెట్టి, దారిలో గుమాస్తాకు సంగతంతా చెప్పింది. అతను బతిమాలాడు. "డీలర్ మీదికి తోసేద్దామండీ. వాళ్లకేం, ఏనుగుకి దోమ కుట్టినట్టు."

"ఈ అబద్ధం మొదలైంది కూడా ఇలాంటి జాలితోనే. ఎవరి నెత్తిన పడిందో చూశారుగా."

అందరూ పోర్టికోలో చేరారు. కారులో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. డిటెక్టివ్ తాళం అమ్మాయి చేతికిచ్చింది. "తిప్పమ్మా."

అమ్మాయి తిప్పింది. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

"అదే బ్యాటరీ. అదే దీపం. రాత్రంతా వెలిగింది," అంది డిటెక్టివ్. "ఆ రోజు కూడా బ్యాటరీ బతికే ఉంది. లేకపోతే హారన్ అంత గట్టిగా మోగదు. పక్కింటాయన బ్యాటరీ తోడైనా కారు కదల్లేదంటే, లోపం మరెక్కడో ఉంది."

తండ్రి మేస్త్రీ మీదికి దూసుకెళ్లాడు. "నాకు తెలుసు! మీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి నా బిడ్డ మీద నింద వేస్తారా?"

నా బిడ్డ అన్న మాటకు అమ్మాయి తలెత్తింది. మేస్త్రీ తల దించుకున్నాడు.

"ఆయన ఆడింది అబద్ధమే. లాభం కోసం మాత్రం కాదు," అంది డిటెక్టివ్. "మేస్త్రీ గారూ, మీరు చూసింది చెప్పండి."

"ఇప్పుడెందుకులెండమ్మా..."

"చెప్పండి."

"ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ తీగ ఉంటుందండీ. స్టార్టరుకి వెళ్లిన కరెంటు దాంట్లోంచే తిరిగి రావాలి. దాన్ని విప్పి, కింద తుప్పు పట్టిన చోట, బోల్టుకీ కన్నానికీ కూడా రంగు పూసి, ఆ రంగు మీదే మళ్లీ బిగించారు. రంగులోంచి కరెంటు పోదు. లైట్లకీ హారన్‌కీ దారి వేరు, కాబట్టి అవి పనిచేశాయి. నేను గీకి బిగించాను, స్టార్టయింది."

"ఆ రంగు పూసిందెవరో మీకెలా తెలిసింది?"

"కారు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు గేటు తీశానండీ. దానికీ అదే ఆకుపచ్చ రంగు." అతని గొంతు సన్నబడింది. "భార్య పోయిన మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పను? అమ్మాయి లైటు ఆర్పలేదని ఏడుస్తోంది. దీపం మీద పెట్టేస్తే ఎవరికీ ఏమీ కాదనుకున్నాను."

తండ్రి గేటు వైపు చూశాడు. తరువాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"చిన్న మచ్చ," అన్నాడు. "తుప్పు మచ్చ. అక్కడే ఎందుకు వదలాలని..."

మాట పూర్తి కాకుండానే మెట్టు మీద కూలబడ్డాడు. అమ్మాయి ఇంజన్ ఆపి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"నువ్వు తెలిసి చేయలేదు నాన్నా."

"నువ్వూ తెలిసి చేయలేదుగా తల్లీ," అన్నాడతను. "ఆ మాట నీకు నేనెందుకు చెప్పలేకపోయాను?"

అమ్మాయి కారు తాళం తన గుప్పిట్లోనే ఉంచుకుంది.

కారు సమయానికి కదిలి ఉంటే తల్లి బతికేదా అని డిటెక్టివ్ ఆసుపత్రి డాక్టరును అడిగింది. చెప్పలేమన్నాడు. ఆదివారం అమ్మాయి పిన్ని ఇంటికి వెళ్లలేదు. కారు ఇప్పుడు ఆమే నడుపుతోంది. పక్క సీటు ఖాళీగా ఉన్నా, తండ్రి వెనక సీట్లోనే కూర్చుంటాడు.