తొమ్మిది ఊళ్ళా, ఒక్క గోడా?

శనివారం పొద్దున్నే రఘువీర్ హుషారు చూడాలి! అమెరికాలోని నేపర్‌విల్‌లో సగం ఇళ్ళు ఇంకా నిద్ర లేవనేలేదు. ఈయన మాత్రం స్నానం కానిచ్చి, ల్యాప్‌టాప్ తెరుచుకుని, పెసరట్టు ముందు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

"జయా, తేజేశ్వర్ వాళ్ళతో మాట్లాడేశాను. నాలుగు ఫ్యామిలీలూ కలిసి యూరప్ వెళ్తున్నాం. తొమ్మిది ఊళ్ళు, ఒకే బస్సు, రోజూ ఇండియన్ భోజనం. ఎలా ఉంది?"

భార్య జయంతి అట్టు తిప్పుతూ, "మీ ఇష్టం," అంది.

ఆయనకి ఆ మాట చాలు. పెళ్ళైన పాతికేళ్ళుగా ఆ మాటని సరే అన్నట్టే తీసుకుంటున్న మహానుభావుడు మరి! బుక్ చేయబోతుండగా, షికాగోలో ఉద్యోగం చేస్తూ వీకెండ్‌కి ఇంటికొచ్చిన కూతురు దేదీప్య మెట్లు దిగి, స్క్రీన్ వంక చూసింది.

"వాట్! అమ్మ బర్త్‌డేకి ఫ్లోరెన్స్‌లో వన్ వీక్ అని నేను ప్లాన్ చేశాను కదా నాన్నా!"

"నేనే మార్చాను. ఇందులోనూ ఫ్లోరెన్స్ ఉందిలే, ఒక మధ్యాహ్నం."

"అది సెల్ఫీలకే సరిపోదు!"

"ఒక్క ఊళ్ళో వారం రోజులు మీ అమ్మేం చేస్తుందే? అన్నం లేక, పలకరించే మనిషి లేక బెంగ పెట్టుకుంటుంది. అయినా అడిగాను కదా, మీ ఇష్టం అంది."

"అది నో, నాన్నా! నచ్చితే అమ్మ అలా అనదు. ఏం సర్దాలి, ఎప్పుడు వెళ్దాం అని వంద అడుగుతుంది. నాకు తెలుసు, నీకు తెలీదా?"

"చిన్నదానివి, చిన్నదానిలా ఉండు!" రఘువీర్ గొంతు లేచింది.

జయంతి స్టవ్ ఆపేసింది. "దాన్ని అనకండి. అది చెప్పింది నిజమే," అంది. "నాకు తొమ్మిది ఊళ్ళు వద్దండీ. ఒక్క గోడ చాలు."

"గోడేంటి?"

"ఫ్లోరెన్స్‌లో పాత మఠం ఒకటుంది. మెట్లెక్కగానే ఎదురుగా దేవదూత బొమ్మ. ఆ రెక్కల రంగులు చూస్తే అచ్చం మన రామచిలకే! లోపల సన్యాసులుండే బుల్లి బుల్లి గదులు. గదికో బొమ్మ, గోడమీదే వేశారు. ఆ గదిలో ఉండే ఒక్క మనిషి కోసం! ఇంకెవరూ చూడరని తెలిసీ ఎంత శ్రద్ధగా వేశారో! దాదాపు ఆరొందల ఏళ్ళయినా ఆ గులాబీ రంగులో ఎంత నెమ్మదో! లైబ్రరీ పుస్తకాల్లో చూసినప్పుడల్లా నాకు కళ్ళు నిండిపోతాయి. ఒక్కసారి, ఎవరూ 'బస్సెక్కండి' అని కేకెయ్యకుండా, ఆ గుమ్మంలో నిలబడి చూడాలండీ."

జయంతి ఇంతసేపు మాట్లాడటం, ఆ మొహం అలా వెలిగిపోవడం రఘువీర్ ఎన్నడు చూశాడు గనక? అమెరికా అంతా కార్లో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు గానీ, ఏం చూడాలనుందో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

కాసేపటికి స్నేహితుడు తేజేశ్వర్‌కి ఫోన్ చేశాడు. "మేం రావట్లేదురా. మా ఆవిడకి ఫ్లోరెన్స్‌లో వేరే పనుంది."

ఫోన్ పెట్టేసి జయంతి దగ్గరికొచ్చాడు. "మీ తల్లీకూతుళ్ళతో నేనూ రావచ్చా జయా? ఒక మూల నిలబడతాను. నోరెత్తను, ఒట్టు."

జయంతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. "నోరెత్తకపోతే ఎలాగండీ? ఇన్నేళ్ళూ ఆ బొమ్మల్ని ఒక్కదాన్నే చూసుకున్నాను. ఇదిగో చూడండి అని చూపించుకోవడానికి నాకూ ఓ మనిషి కావాలి కదా!"