ఎనిమిది మీటర్ల ఖాళీ

“ఎనిమిది మీటర్లు!” రేడియోలో అమ్మ గొంతు గరగరలాడింది.

అమ్మ నదీరేవులో ఓడల ట్యాంకులు కొలుస్తుంది. ఇప్పుడు పొగమంచులో ఎక్కడో, చమురు కారుతున్న ఓడ మీద ఉంది. రేవు కంట్రోల్ రూమ్‌లో నాన్న రెండు చెవులకూ రెండు ఫోన్లు.

పక్కనే కూర్చున్న కూతురి వైపు తిరిగాడు. “తూనీగా, లెక్క చూడమ్మా. పొద్దున ట్యాంకు నిండుగా ఉంది. పొడవు, వెడల్పు, లోతు అన్నీ పదేసి మీటర్లు.”

తూనీగ పెన్సిల్ పరుగెత్తింది. మొత్తం వెయ్యి ఘనపు మీటర్లు. ఎనిమిది మీటర్ల చమురు మిగిలిందంటే పోయింది రెండే.

“రెండొందలు, నాన్నా!”

“మా ఇంటి క్యాలిక్యులేటర్‌కి జడలున్నాయి!” నాన్న ఫోన్‌లో చెప్పాడు. “రెండొందలేనట. తాగునీటి పంపుల దాకా రాదు. నడవనీండి.”

కాసేపటికి గదిలో ఏదో తేడా వచ్చింది.

చప్పుడు లేదు. కిటికీ కింద గోడను పొద్దుటి నుంచీ కొడుతున్న అలలు ఆగిపోయాయి.

తూనీగ తొంగిచూసింది. నది నల్లగా, నున్నగా ఉంది. ఒక ఖాళీ డబ్బా తేలుతూ వెళ్తోంది. దాని చుట్టూ చిన్న ముడత కూడా లేదు. నది ఊపిరి బిగపట్టినట్టుంది.

రెండొందలైతే చమురు ఇంతదూరం ఎలా వచ్చింది?

అమ్మ కొలిచే తీరు గుర్తొచ్చింది. పైమూతలోంచి టేపు వదులుతుంది. చమురు తగలగానే ఆపుతుంది. అంటే అమ్మ చెప్పింది చమురు లోతు కాదు, పైనున్న ఖాళీ!

నాన్న అప్పుడే అందరికీ చెప్పేశాడు. ఇప్పుడు తప్పని చెబితే?

కింద ఆ నలుపు పంపుల వైపే పాకుతోంది.

“నాన్నా, తప్పు నాది! అడక్కుండా వేసేశాను. పోయింది ఎనిమిదొందలు!”

నాన్న ఫోన్‌లో అరిచాడు. “పంపులు ఆపండి! వెంటనే!”

తూనీగ కిటికీ అంచు పట్టుకుని ఆ నలుపునే చూసింది.

“ఆపేశాం,” చివరికి పంపు ఆపరేటర్ గొంతు వినిపించింది. “నీళ్లు లాగే గొట్టానికి పది అడుగుల్లో ఉంది సార్. ఇంకొక్క నిమిషమైతే ఊరంతా అదే తాగేది.”

నాన్న ఫోన్లు పక్కన పెట్టాడు. “నేనూ సరిచూడాల్సింది, తల్లీ.”

రేడియో మళ్లీ గరగరలాడింది. “తొమ్మిది మీటర్లు!”

తూనీగ పెన్సిల్ కదల్లేదు. తను మైకు దగ్గరికి లాక్కుంది.

“ఎక్కడి నుంచి ఎక్కడికమ్మా?”