ఒంటిప్ప కింద తల్లీబిడ్డ

రాళ్లవాగు దాటినంక ఒంటిగా ఒక ఇప్పచెట్టు ఉంటది. పొద్దుగూకితే అటు దిక్కు ఎవ్వరూ పోరు. మా ఊళ్లె ప్రతి ఇప్పచెట్టు మీద ఏదో ఒక ఇంటికి హక్కు ఉంటది, ఆ ఇంటోళ్లే పువ్వు ఏరుకుంటరు. ఆ ఒక్క చెట్టు పువ్వు మాత్రం ఎవ్వరూ ముట్టరు. అది ఆమెది... జుట్టు విరబోసుకొని, వీపు మీద బిడ్డను మోసుకుంట వస్తదట. రాత్రంతా పువ్వు ఏరుతదట.

నాకైతే భయం కంటే జాలే ఎక్కువుండేది. ఏ మారాజు చేసిన మోసమో, అంత వెన్నెల్లో పాపం ఒక్కతే... అనుకునేదాన్ని. మా బొజ్జయ్య మామ ఈ సంగతి చెప్పేదాకా.

రెండువేల ఆరు ఎండాకాలం. మా అడవిల బొగ్గు గని పెడ్తరని అందరూ చెప్పుకుంటున్నరు. అంతకుముందే అడవిల ఏమేం జంతువులున్నయో రాసుకోవాలని సర్కారు పంపితే హరిప్రసాద్ సారు జీపుల వచ్చిండు. దారి చూపెట్టడానికి మామను కూలికి పెట్టుకున్నడు. నాలుగు రోజులు పట్టపగలే తిరిగిండ్రు. ఆ జీపు మోతకు ఉడుత గూడ ఆగలేదు.

"రేపు పోత బొజ్జయ్యా. ఏం లేవని రాసేస్త."

మామకు అర్థమైంది. అట్ల రాస్తే అడవి పోతది, ఊరు పోతది, తాతల నాటి ఇప్పచెట్లు పోతయ్.

"ఈ ఒక్క రాత్రి ఒంటిప్ప కాడ కూసోండ్రి సారూ."

"అక్కడ దెయ్యం ఉందంటరు గదా?"

"ఉంటే లెక్కల రాస్కోండ్రి."

సారు నవ్విండు. ఏది వచ్చినా అడుగు పడాలని, వాగు ఇసుక జల్లెడ పట్టి చెట్టు చుట్టూ పరిపించిండు. ఇద్దరూ వాగు ఇవతల బండ మీద కూసున్నరు.

వెన్నెల... ఇప్పపూల మత్తు వాసన... ఒక్కో పువ్వు రాలుతుంటే టప్... టప్...

అర్ధరాత్రి దాటినంక పొదలు కదిలినయ్.

నల్లగ ఏదో వంగి వంగి వచ్చింది. చెట్టు కిందికి రాంగనే — నిటారుగ నిలబడ్డది. ఒళ్లంతా జుట్టే. వీపు మీద చిన్నది ఒకటి... గట్టిగ కరుచుకొని ఉంది.

"బొజ్జయ్యా... బిడ్డ..."

సారు ఉరికి జీపుల దూరి అద్దాలెక్కించుకున్నడు. తెల్లారేదాక దిగలే.

పొద్దున మామ, మా అత్త జంపక్క బతిమాలితే వచ్చి ఇసుక చూసిండు. అచ్చం మనిషి పాదాలు. కాకపోతే బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలు ఉంది, చిటికెనవేలు చోట బొటనవేలు.

"పాదాలు... తారుమారు," అన్నడు సారు.

"ఎలుగుకు పెద్దవేలు బయటి దిక్కే ఉంటది సారూ," మామ నిమ్మళంగ అన్నడు. "వేళ్ల ముందర చూడుండ్రి. గోళ్ల గీతలు."

సారు ఇసుకలనే కూలబడ్డడు. "ఎలుగుబంటి... పిల్లతల్లి. మీకు తెల్సా? మరి దెయ్యమని ఎందుకు చెప్తరు?"

అత్త కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "ఎలుగంటే పక్కూళ్ల మొగోళ్లు బరిసెలు పట్టుకొని వస్తరు. దెయ్యమంటే ఒక్కడన్న వస్తడా? మీరు జీపు దిగనే లేదాయె."

సారు పుస్తకం తీసి 'ఎలుగుబంట్లు – రెండు' అని రాసిండు. పెన్ను కొరుక్కుంట మెల్లగ అడిగిండు.

"మీ ఊరి చుట్టు ఇసొంటి దెయ్యాలు ఇంకెన్ని ఉన్నయ్?"

"ఇంక ఏడు."

సారు డ్రైవర్ను పిలిచి సామాను దింపమన్నడు. కొత్త పేజీ తిప్పిండు.

"గుట్ట గుహల దెయ్యం?"

"చిరుత."

"మడుగు కాడిది?"

"దుప్పుల మంద."

అట్ల ఆరు రాసుకున్నడు. "ఏడోది?"

మామ అత్త దిక్కు చూసిండు. అత్త నవ్వుడు ఆపింది.

"అది ఏందో... మాక్కూడ తెల్వది సారూ."