పైనుంచి వేలాడిన అంతస్తు

పెద్ద వరదకు కింది వీధులు మునిగిన మరుసటి ఏడు సంగతి ఇది. మళ్ళీ నీళ్ళొస్తే అడుగునుంచి పోవాలని, కొత్త ఆఫీసు భవనాన్ని పైనుంచి వేలాడదీస్తున్నారు. అటూ ఇటూ కాంక్రీటు బురుజులు, వాటి నెత్తిన ఉక్కు దూలాలు, దూలాలనుంచి దిగిన కడ్డీలు, ఆ కడ్డీలకు అంతస్తులు.

కడ్డీలకు నట్లు బిగించే కుర్రాణ్ణి అందరూ స్పానర్ అనేవారు. ఒకనాడు చూస్తే అంతస్తు నడుమ అంగుళం ఎత్తుగా ఉంది. ఎవరికీ చెప్పకుండా నట్లు వదులుచేసి, బల్లపరుపుగా దించి, మీసం దువ్వుకున్నాడు.

ఇంజనీరమ్మ వచ్చి చూసింది. "ఎవరు దించారు?"

"నేనేనండీ. వంకర తీసేశా. థాంక్స్ తర్వాత చెబుదురుగానీ."

"థాంక్సా, మీ తలకాయ! ఆ ఎత్తు కావాలని పెట్టించాను. కింద తాత్కాలికంగా పెట్టిన ఆసరాలు తీశాక బరువు పడి కడ్డీలు సాగుతాయి. అప్పుడు దిగి సమానమవుతుంది."

"ఉక్కు సాగుతుందా మేడమ్?"

"సాగుతుంది. మీ నోరంత కాదు లెండి."

జట్టంతా ఘొల్లున నవ్వింది.

వానలో తడుస్తూ ఇద్దరూ నట్లన్నీ మళ్ళీ బిగించారు. కంటికి కనబడని సాగుడును ఆమె ముందే చూసి చెబుతుంటే, స్పానర్‌కు చేతిలో పని ఆగిపోయేది.

"మేడమ్, మీరంటే నాకు..."

"ఇప్పుడొద్దు. పెద్దసారు నా లెక్క నమ్మలేదు. నా పూచీమీద ఒప్పుకున్నారు. తేడా వస్తే నన్ను పంపించేస్తారు."

ఆసరాలు తీసేరోజు అతను వెళ్ళి అంతస్తు నడుమ నిలబడ్డాడు.

"దిగండి! అక్కడెందుకు?" ఆమె కిందినుంచి కేకేసింది.

"మీ లెక్కమీద నిలబడ్డాను."

ఆమె గబగబా ఎక్కి పక్కన నిలబడింది. ఉక్కు మూలిగింది. కాళ్ళకింద నేల మెల్లగా, ఊపిరి వదిలినట్టు దిగి ఆగింది.

"సమానం!" కొలతలవాడు కిందినుంచి అరిచాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆరోజు వానలో ఆపిన మాట చెప్పండి."

"పెళ్ళి చేసుకుంటారా?"

"చేసుకుంటాను. కానీ మా నాన్నను మీరే అడగాలి. బస్సు డ్రైవరు, తెల్లారకముందే డ్యూటీ. కోపిష్టి."

మర్నాడు చీకటితోనే వాళ్ళ తలుపు తట్టాడు. యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ ఆయన తీశాడు.

దారంతా వల్లించుకున్న మాటలన్నీ మరిచిపోయి, "మావయ్యగారూ!" అన్నాడు స్పానర్.

ఆయన కిందినుంచి పైదాకా చూశాడు. "అప్పుడే మావయ్యనయ్యానా? సరే, బురద బూట్లు అక్కడే విప్పి లోపలికి రా."

అతను బూట్లు విప్పాడు.