మొదట మాస్క్

రాయదుర్గం మెట్రో మెట్ల మీద పట్టపగలు శ్యామ్ గొంతు తెగింది. అతను విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్. ఆఫీసులకు పరుగెడుతున్న జనం ఎవరో జారిపడ్డారనుకుని పక్కనుంచి వెళ్లిపోయారు. రక్తం కింది మెట్టు దాకా పారాక గానీ ఒక్కరూ ఆగలేదు. పాడు హడావిడి.

"వాడు మన మనిషేనయ్యా," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్ రామబ్రహ్మం ఫోన్‌లో. "పోయేముందు ఒక్క మెసేజ్ పంపాడు. ఢిల్లీ నుంచి శంషాబాద్‌కు వస్తూ ఇప్పుడు గాల్లో ఉన్న ఫ్లైట్ కిందికి దిగేటప్పుడు కాక్‌పిట్‌లో పొగ వస్తుందట. లోపల నూట ఎనభై మంది ఉన్నారు."

"పొగొస్తే పైలట్లు ఏం జేస్తరు సార్?" అడిగాడు ఏజెంట్ ఓంకార్.

"మొదట ఆక్సిజన్ మాస్క్ పెట్టుకుంటారు. తరువాతే ఏదైనా. ఒక్క పొగకే విమానం కూలదు. మరి దీని వెనకున్న విదేశీ ముఠా ప్లాన్ ఏమిటో నాకు అంతుపట్టడం లేదు."

బైక్ ట్యాక్సీవాడి వేషంలో ఓంకార్ గచ్చిబౌలిలోని పైలట్ ట్రైనింగ్ సెంటర్ ముందు ఆగాడు. బయటికొచ్చిన ఇన్‌స్ట్రక్టర్ రసజ్ఞను చూస్తే ఎంతటివాడైనా గ్రీన్ సిగ్నల్ మరిచిపోవాల్సిందే. ఆ విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. ప్లాన్ తెలిస్తే ఆమెకే తెలియాలి.

"రాయదుర్గమే ఆఖరి స్టేషనా?" అడిగాడు ఓంకార్.

"ఇప్పటికైతే అంతేనండి." కోడ్ సరిపోయింది.

ఆమె అతన్ని సిమ్యులేటర్‌లోకి, అంటే పైలట్లు శిక్షణ పొందే నకిలీ కాక్‌పిట్‌లోకి, తీసుకెళ్లింది. తలుపు మూసుకోగానే సీటు వెనకనుంచి ఒక విదేశీయుడు లేచి ఓంకార్ భుజంలో కత్తి దించాడు. ఓంకార్ హెల్మెట్‌తో వాడి మొహం మీద కొట్టాడు. దవడ పటుక్కుమంది. ఇంకో దెబ్బకు వాడు నేలకూలి మళ్లీ లేవలేదు.

రసజ్ఞ చేతిలో పిస్టల్ ఉంది.

"సారీ ఓంకార్ గారూ. వాళ్లు మీకంటే ముందడిగారండి."

ఓంకార్ వంగాడు. గుండు వెళ్లి శిక్షణ కోసం పెట్టిన పొగ యంత్రాన్ని చీల్చింది. కాక్‌పిట్ నిండా పొగ కమ్మేసింది. అతను తలుపు తన్ని తెరిచేలోపే వెనక రసజ్ఞ దగ్గడం వినబడింది. పొగ కనబడితే మొదట మాస్క్ అని ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి. బుర్రకంటే ముందు చెయ్యి కదిలింది. సీటు పక్కనున్న మాస్క్ లాగి మొహానికి పెట్టుకుంది.

రెండు శ్వాసలు. నోట నురగతో అతని కాళ్ల దగ్గర పడిపోయింది.

మాస్క్ గొట్టం ఒక కొత్త సిలిండర్‌కు తగిలించి ఉంది. ముఠా ఇక్కడ పరీక్షించి చూసిన విషం అదే. విమానం మాస్కుల్లోనూ అదే ఎక్కించి ఉంటారు. పొగ చంపదు. పైలట్ చేత్తోనే మాస్క్ పెట్టిస్తుంది, అంతే. ఓంకార్ చీఫ్‌కు ఫోన్ కొట్టాడు.

"సార్, జల్ది పైలట్‌కు లైన్ కలుపుండ్రి!"

కంట్రోల్ టవర్ మీదుగా కెప్టెన్ జయంతి గొంతు వచ్చింది. "కాక్‌పిట్‌లో పొగ. మాస్కులు తీస్తున్నాం."

"పెట్టుకోకుండ్రి మేడం. దాంట్ల విషముంది."

"ఎవరు మీరు?"

"ఎవరైతేంది? గదే పెట్టుకొని ఒకామె సచ్చింది. నా ముందల్నే పడుంది."

అటువైపు దగ్గు. జీవితమంతా నేర్చుకున్న పాఠాన్ని ఆమె ఎవడో అనామకుడి మాట మీద వదలాలి. ఓంకార్‌కు కత్తి దిగినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

"వెనక తలకు తొడుక్కునే స్మోక్ హుడ్లున్నాయి," అంది జయంతి చివరికి. "వాటి ఆక్సిజన్ వాటిదే. అవి వేసుకుంటున్నాం."

శంషాబాద్ రన్‌వే మీద చక్రాలు ఆనాక రామబ్రహ్మం ఫోన్ చేశాడు. "దిగారయ్యా. అందరూ."

అంబులెన్స్‌లో నర్సు ఓంకార్ మొహం మీదికి ఆక్సిజన్ మాస్క్ తెచ్చింది. అతను మెల్లగా ఆమె చెయ్యి పక్కకు నెట్టాడు.

"వద్దక్కా. జర కిటికీ తెరువు."