పెన్హేల్ వాళ్ళ ఇంట్లో గుసగుస

నేను ఇంతవరకూ ఏదీ రాసి ఎరగను. నాలుగు తరగతులు చదివి బడి మానేసినదాన్ని. మా అమ్మమ్మ చెబుతుంటే విన్న సంగతి ఇది, నాతోనే పోకూడదని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకు చదవండి.

మా రాగి గనుల ఇళ్ళ వరసలో చిట్టచివరిది పెన్హేల్ వాళ్ళ ఇల్లు. విషజ్వరమొచ్చి ఒక్క నెలలో నలుగురికి నలుగురూ పోయారు. అప్పట్నుంచీ ఖాళీ. తలుపుకి గొళ్ళెం లేదు. కిటికీకి గోనెపట్టా వేలాడుతుండేది. పొద్దుగూకితే ఆ వైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

ఎందుకంటే కొన్ని రాత్రులు ఆ గోనెపట్టా వెనక దీపం వెలిగేదట. ఎవరో ఆడమనిషి... ఆగి ఆగి... గుసగుసగా మాట్లాడేదట.

"పెన్హేల్ ముసల్ది మొగుడింకా గనిలోంచి పైకి రాలేదని మాంసం కూరిన పాస్టీ రొట్టె వేడిచేసుకు కూర్చునుంటుందిలే," అనేది నీళ్ళతొట్టి దగ్గర జిల్ఫా.

"నవ్వకే. నీ మొగుడు రాత్రి షిఫ్టుకి ఆ దారినే పోవాలి," అనేది ఇంకొకామె.

"పోనీ. వాడి గురక ఒక్కసారి విన్నదంటే ఆ దెయ్యమే ఊరొదిలి పోతుంది."

అందరూ నవ్వేవాళ్ళు, టామ్సిన్ తప్ప. ఆమెకి భయం. పైగా ఆమె మనసెప్పుడూ సముద్రానికి అవతలే ఉండేది.

టామ్సిన్ ఆ అవతలి ఒడ్డున కార్న్‌వాల్లో పుట్టింది. జాబెజ్‌ని కట్టుకుని ఓడెక్కేరోజు తల్లి ముద్దు కూడా పెట్టలేదు. "సముద్రం దాటావంటే నాకు కూతురు లేనట్టే," అని మొహం తిప్పేసుకుంది. నాలుగేళ్ళు ఒక్క ముక్క రాయించలేదు.

ఉండబట్టలేక టామ్సిన్ తెల్లటి ఉన్ని శాలువా అల్లింది. అమ్మకి పార్సిల్ చేసింది. ఆ రోజుల్లో పార్సిలంటే పిండిబస్తా గుడ్డ చుట్టి, అంచులన్నీ దగ్గరదగ్గరగా కుట్టాలి. కుట్టు వదులైతే పోస్టాఫీసులో తీసుకోరు. టామ్సిన్ ఎర్రదారంతో కుట్టింది. సంతకం రాని మనిషికి ఆ కుట్టే సంతకం.

పైన ఊరూ పేరూ రాసింది కెజయా పిన్ని. వరస మొత్తంలో చదువొచ్చిన ఆడది ఆమె ఒక్కతే. అందరి పార్సిళ్ళూ అయిదు మైళ్ళు నడిచి పోస్టాఫీసులో ఇచ్చొచ్చేదీ, వచ్చిన ఉత్తరాలు తెచ్చి చదివి పెట్టేదీ ఆమే.

ఎనిమిది నెలలకి జవాబొచ్చింది. అప్పుడు టామ్సిన్ పురిటిజ్వరంతో తీసుకుంటోంది. కెజయా పిన్ని మంచం పక్కన కూర్చుని చదివింది — "చిన్న టామ్సిన్, శాలువా అందింది. నా కోపం ఎప్పుడో పోయిందే."

ఆ రాత్రే జ్వరం దిగింది. ఆ తర్వాత కూడా రెండుమూడు నెలలకోసారి ఉత్తరం వస్తూనే ఉంది. ఆ ఉత్తరాలే ఆమెకి తిండీ నీళ్ళూ. ఆ మధ్యే మెత్తటి ఫ్లానెల్ గుడ్డ లంగా ఒకటి కుట్టి, బిడ్డ జుట్టు కొంచెం కత్తిరించి లోపల పెట్టి, రెండో పార్సిల్ కూడా పిన్ని చేతికిచ్చింది.

మా వాళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. పంపిన పార్సిల్ వెనక్కొచ్చిందంటే అవతలి మనిషి లేనట్టే. దాన్ని కాపురమున్న ఏ ఇంటి గడపా దాటనివ్వరు. చంటిబిడ్డ ఉన్న ఇల్లయితే మరీను. అలాగని పారెయ్యరు, ఒకరి చేతిపని కదా.

ఆ ఏడు జులైలో, మాకది చలికాలం, ఒక రాత్రి టామ్సిన్ మేక తాడు తెంపుకుపోయింది. బిడ్డని జాబెజ్‌కి అప్పగించి, తన పాత శాలువా కప్పుకుని, దాని వెంట పడింది. మేక ఎక్కడా ఆగలేదు... తిన్నగా పోయి పెన్హేల్ వాళ్ళ గోడ దగ్గర నిలబడి గడ్డి నములుతోంది.

టామ్సిన్ తాడు అందుకుంది. వెనక్కి తిరగబోయింది.

గోనెపట్టా వెనక దీపం.

గని ఇంజను మోత ఒక్క క్షణం ఆగినట్టయింది. పట్టా సందులోంచి గుసగుస...

"చిన్న టామ్సిన్..."

ఆ పిలుపు అమ్మది. లోకంలో ఇంకెవ్వరూ అలా పిలవరు.

"చిన్న టామ్సిన్... ఈ ఏడు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి... నిన్ను ఓడ దగ్గర ముద్దు పెట్టుకోలేదని... రోజూ..."

మాట మధ్యలో ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

ఇంకొకరైతే పారిపోయేవాళ్ళు. ఆ మిగతా మాట వినకుండా టామ్సిన్ పోలేకపోయింది. దెయ్యమైతేనేం — అమ్మే కదా. తాడు వదిలేసి తలుపు నెట్టింది.

"అమ్మా..."

లోపల కలం నేల మీద పడ్డ చప్పుడైంది.

కొవ్వొత్తి పక్కన కెజయా పిన్ని కూర్చునుంది. ఒళ్ళో ఒక పార్సిల్, దాని మీద కాగితం. తడి ఆరని సిరా. పార్సిల్ అంచుల చుట్టూ... దగ్గరదగ్గరగా... ఎర్రదారం కుట్టు.

కుట్టు ఒక్కటీ విప్పలేదు.

గోడ వారగా రెండో పార్సిల్. దానికి స్టాంపే లేదు. స్టాంపులకని టామ్సిన్ ఇచ్చిన డబ్బులు గుడ్డలో మూటగట్టి దానికే కట్టి ఉన్నాయి.

టామ్సిన్ పిన్ని ఒళ్ళోని పార్సిల్ మీద నల్లముద్ర చూపించింది.

"ఏం రాశారు పిన్నీ దీని మీద?"

"తీసుకునే మనిషి చనిపోయింది అని."

"ఎప్పుడొచ్చింది ఇది?"

"నువ్వు పురిటిమంచంలో ఉండగా." కెజయా పిన్ని తలెత్తలేదు. "మీ ఇంట్లోకి తేలేను, మా ఇంట్లోకీ తేలేను. ఇక్కడ పెట్టి నిన్ను చూడ్డానికొచ్చాను. అప్పటికి నీకు స్పృహ సగమే ఉంది. అమ్మ చిన్న టామ్సిన్ అని పిలుస్తోందని కలవరించావు. ఇంటి నుంచి ఏమైనా వచ్చిందా పిన్నీ అనడిగావు. వచ్చిందే అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఎలా వెనక్కి తీసుకోను? మా ఇంట్లో అద్దెకున్న కుర్రాళ్ళ గోలలో రాయలేక... ఇక్కడికొచ్చి కూర్చుంటున్నాను. పైకి అనుకుంటే గానీ మాట కుదరదు నాకు."

"అయితే అమ్మ... నా శాలువా చూళ్ళేదు."

"లేదు."

"కోపం పోయిందన్నది?"

కెజయా పిన్ని కిందపడ్డ కలం తీసి తుడుచుకుంది.

"చెప్పు పిన్నీ. మా అమ్మ ఎవరితోనైనా ఆ మాట అన్నదా? ఎవరైనా రాశారా నీకు?"

"ఎవరూ రాయలేదే. ఆ మాట నేను రాసిందే." కెజయా పిన్ని కాగితం తీసి పక్కన పెట్టింది. "తల్లి ఇంకేం రాస్తుందే పిల్లా?"

టామ్సిన్ రెండు పార్సిళ్ళూ చంకన పెట్టుకుని బయటికొచ్చింది. మేక ఎటో పోయింది. దాన్ని వెతకలేదు.

ఆ రాత్రి గడప బయటే, చలిలో, పార్సిళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జాబెజ్ రెండుసార్లు వచ్చి పిలిచాడు. మూడోసారి వచ్చినప్పుడు పిలవలేదు, పక్కన కూర్చున్నాడు.

తెల్లారాక లేచి పెరట్లో పొయ్యి ముట్టించింది. ఎవరైనా పోతే మా వాళ్ళు నల్లబట్టలే కడతారు, అందుకే గనుల ఊళ్ళో నల్లరంగు పొట్లం లేని ఇల్లుండదు. తొట్టిలో అడుగున మిగిలిన వాననీళ్ళు తోడి కాగులో పోసి, పొట్లం విప్పి కలిపింది. పార్సిల్ కుట్టు ఒక్కొక్క పోగూ విప్పి, తెల్ల శాలువా బయటికి తీసి, మొహానికి ఒకసారి అదుముకుని అందులో వేసింది.

కంచె అవతల కెజయా పిన్ని ఎప్పుడొచ్చిందో తెలీదు. లోపలికి రాలేక, వెళ్ళలేక నిలబడి ఉంది.

టామ్సిన్ కాగు తిప్పే కర్ర అందించింది.

"తిప్పు పిన్నీ. ఆపితే మచ్చలు పడతాయి."